అత్తగారి కిలోమీటర్లు

కోడలికి లోకంలో అన్నిటికంటే ఎక్కువ భయం ఒకటే: తను ఇంట్లో లేనప్పుడు పాప లేచి ఏడిస్తే, ఆ ఏడుపు వినే మనిషి దగ్గర లేకపోవడం. దొంగలన్నా, జ్వరాలన్నా, స్విచ్చిబోర్డులన్నా కూడా ఆమెకు భయమే. కాకపోతే అవన్నీ దీని వెనక వరసలో నిలబడి తమ వంతు కోసం చూస్తుండేవి.

అలాంటి మనిషి ఒక సోమవారం పొద్దున ఉద్యోగానికి బయలుదేరింది. ఆసుపత్రులకూ హోటళ్లకూ దుప్పట్లు ఉతికిచ్చే పెద్ద లాండ్రీలో, మడతల గదికి ఒక మనిషి కావాలన్నారు. చదువు ఎంతవరకు అని అడగలేదు, చేతులు ఎంత పొడుగని మాత్రం చూశారు. రెండు వారాలు పని చూస్తాం, నచ్చితే ఉంచుకుంటాం, మధ్యలో సెలవు అడిగితే మాత్రం అంతే సంగతులు అన్నారు. ఆమెకు అంతకంటే మంచి ఉద్యోగం ఆ చుట్టుపక్కల లేదు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, పొద్దున పోతే ఏ అంతస్తుకూ అంతస్తుకూ మధ్య వేలాడుతుంటాడో అతనికే తెలియదు. కాబట్టి పాప దగ్గర ఉండాల్సింది అత్తగారే. పథకం ఇంతే. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదని ఎవరైనా అనుకుంటారు.

చెడిపోవడానికి కావలసిన వస్తువును రెండు రోజుల ముందే, డాక్టరు చెప్పాడని, వాళ్లే కొని తెచ్చుకున్నారు.

అత్తగారికి షుగరు. ఒళ్లు కూడా కాస్త భారీ. నడవాలని డాక్టరు చెప్పిన ప్రతిసారీ ఆవిడ, "ఇంట్లో తిరిగేదంతా నడక కాదా డాక్టరుగారూ?" అని అడిగేది. ఈసారి ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అందరూ ఇదే మాటంటారమ్మా. అందుకే పెడోమీటరు కొనుక్కోండి. పొద్దున లేవగానే కట్టుకోండి, పడుకునే ముందు విప్పండి. ఎంత నడిచారో అది చెబుతుంది, మీరు చెప్పక్కర్లేదు."

"అది అబద్ధం చెబితేనో?"

"మీకంటే తక్కువే చెబుతుంది."

అత్తాకోడళ్లు అటునుంచి అటే వైద్యపరికరాల షాపుకు వెళ్లారు. షాపతను అద్దాల బల్ల మీద మూడు రకాలు పరిచాడు.

"ఇది చేతికి పెట్టుకునేది. చూడ్డానికి బాగుంటుంది కానీ నిజం చెబుతున్నా, కూరగాయలు తరిగినా అడుగులే అంటుంది. ఇది నడుముకు తగిలించుకునేది. గట్టి బెల్టు ఉండాలి, లేకపోతే జారి బకెట్లో పడుతుంది."

"నాకు బెల్టేంటి బాబూ, ఉన్న నడుమే ఎక్కడుందో వెతుక్కోవాలి" అంది అత్తగారు.

"అయితే మీకు ఇదే. కాలికి కట్టుకునేది." అతను మూడోదాన్ని అరచేతిలో పెట్టి ఆశీర్వదిస్తున్నట్టు పట్టుకున్నాడు. "దీన్ని మోసం చేయడం ఎవరి తరమూ కాదు. చూడండి, చేత్తో గబగబా ఆడిస్తున్నా. కదిలిందా అంకె? కదలదు. మనిషి నడిచే వేగంలో, మనిషి కాలు ముందుకీ వెనక్కీ పోతేనే అడుగు కింద రాసుకుంటుంది."

కోడలికి ఆ మాట నచ్చింది. ఎవరూ మోసం చేయలేని వస్తువు ఇంట్లో ఒకటైనా ఉండటం మంచిదనిపించింది.

అడుగు పొడవు దానికి ముందే చెప్పాలట. షాపతను టేపు తీసి, మామూలుగా నాలుగడుగులు నడవమన్నాడు. షాపులో ఇంకో ఇద్దరు ముగ్గురు నిలబడి చూస్తున్నారు. అత్తగారు ఒకసారి భుజాలు సర్దుకుని, కాలవ దాటుతున్నట్టు నాలుగే అంగల్లో షాపు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లింది. "ఈ వయసులో ఇంత అడుగా" అని షాపతను మెచ్చుకుని ఆ పొడవే యంత్రంలో పెట్టేశాడు. అంత అడుగు ఆవిడ మళ్లీ ఎన్నడూ వేయలేదు. యంత్రానికి ఆ సంగతి ఎవరు చెబుతారు?

సోమవారం పొద్దున గుమ్మంలో నిలబడి కోడలు చెప్పాల్సినవన్నీ చెప్పింది. "పాలు చేతి మీద చుక్క వేసుకుని చూడండి. కిటికీ గొళ్లెం పెట్టండి. నోట్లో ఏం పెట్టుకుందో చూస్తుండండి. నిద్రకు ఊయలలో వేయండి కానీ ఊపొద్దు అత్తయ్యా. నర్సు చెప్పింది కదా, ఊపడం అలవాటైతే ఇక ఊపకుండా పడుకోరట. దానంతట అదే పడుకోవాలి." ఇలా అంటూ చెయ్యి అటూ ఇటూ ఊపి, ఇలా చేయొద్దని చూపించింది కూడా.

"నీ పాప, నీ ఇష్టం" అంది అత్తగారు. కాలికి యంత్రం కట్టుకుని, కొత్త పట్టీ పెట్టుకున్నదానిలా పాదం తిప్పి చూసుకుంటోంది.

సాయంత్రం కోడలు పరుగున ఇల్లు చేరింది. పాప హాయిగా నిద్రపోతోంది. రోజంతా ఇలాగే మూడుసార్లు పడుకుందట. ఊపకుండానే. నర్సు మాట ఎంత నిజం అని కోడలు పొంగిపోయి, ఆ పొంగులోనే వంగి అత్తగారి కాలి దగ్గర అంకె చూసింది.

మార్కెట్టు దాకా వెళ్లి తిరిగొచ్చినంత దూరం ఉంది.

"అత్తయ్యా, ఇవాళ ఎక్కడికైనా వెళ్లారా?"

"నేనా? నేనెక్కడికి వెళ్తాను?"

"ఇందులో చాలా ఉంది."

"ఉంటే మంచిదే కదా, డాక్టరు సంతోషిస్తాడు" అని అత్తగారు చప్పున వంటింట్లోకి వెళ్లిపోయింది. కళ్లలోకి చూడకుండా వెళ్లింది. కోడలు ఆ సంగతి గమనించింది. ఆమె గమనించని సంగతంటూ ఉండదు, అర్థం చేసుకోవడం దగ్గరే తేడా వస్తుంది.

ఆ క్షణం నుంచి ఆ ఇంట్లో ఒకే అంకె మీద రెండు కోరికలు పడ్డాయి. డాక్టరుకు అది పెరగాలి. కోడలికి అది తగ్గాలి. తగ్గితే అత్తగారు పాప దగ్గర ఉన్నట్టు, పెరిగితే పాపను వదిలి తిరిగినట్టు. అత్తగారు బాగుపడితే పాపకు ప్రమాదం, పాప క్షేమంగా ఉంటే అత్తగారికి షుగరు.

మర్నాడు మంగళవారం.

లాండ్రీలో పెద్ద దుప్పటి మడత ఇద్దరి పని. చెరో రెండు కొసలూ పట్టుకుని దూరంగా లాగి, మళ్లీ దగ్గరకొచ్చి కొసలు కలపాలి. కోడలికి జోడీగా వచ్చినావిడ జుట్టు నెరిసేదాకా అదే గదిలో మడతలు పెట్టింది, అందుకని అందరూ మడతక్క అంటారు. మిషన్ల రొదలో దూరాన ఉన్నప్పుడు మాట వినపడదు. కాబట్టి వాళ్ల కబుర్లన్నీ కొసలు కలిసినప్పుడే.

"మా అత్తయ్య ఎక్కడికో వెళ్తోందక్కా" అంది కోడలు ఒక దుప్పటి దగ్గర.

మడతక్క దూరం జరిగి, ఆలోచించి, దగ్గరకొచ్చింది. "ఎంత దూరం?"

"నిన్న మార్కెట్టంత. ఇవాళ ఇంకెంత దూరమో."

మళ్లీ దూరం. మళ్లీ దగ్గర. "పాపను తీసుకెళ్తోందా, వదిలేసి వెళ్తోందా?"

కోడలు ఇంతవరకు రెండోదే ఆలోచించింది. మొదటిది కూడా ఉందని అప్పుడే తెలిసింది. చేతిలో కొస జారింది. దుప్పటి నేల మీద పడితే మళ్లీ ఉతకాలి. సూపర్‌వైజరు గాజు గదిలోంచి చూడనే చూశాడు.

"నువ్వు ఇలా పారేసుకుంటూ ఉంటే రెండు వారాలు కూడా ఉంచరు పిల్లా" అంది మడతక్క. "ముందు ఆ యంత్రం సరైనదో కాదో చూసుకో. తర్వాత మనిషిని అనుమానించు."

ఆ సలహా మంచిదే. ఆ సాయంత్రం అంకె నిన్నటికంటే పెరిగి ఉంది. కోడలు యంత్రాన్ని తన కాలికి కట్టుకుని వీధి చుట్టూ తిరిగి, షాపుకు వెళ్లింది. షాపతను అడుగులన్నీ సరిచూసి నొచ్చుకున్నాడు.

"ఒక్క అడుగు కూడా తేడా లేదు మేడం. ఇది లెక్క తప్పదు. అయినా ఎవరు నడిచారో వాళ్లనే అడక్క, నా యంత్రాన్ని అడుగుతారేంటి?" అతను నిన్నటి దూరం, ఇవాళ్టి దూరం చూసి ఈల వేశాడు. "ఇవాళ్టిది చూస్తే ఇక్కణ్నుంచి రైల్వే స్టేషను దాకా వెళ్లి, ప్లాట్‌ఫారాలన్నీ తిరిగి, వెనక్కి వచ్చినంత ఉంది."

అతను ఉదాహరణకే చెప్పాడు. కానీ కోడలి మనసులో అది చిరునామా అయిపోయింది. అత్తగారి చెల్లెలు ఉండే ఊరికి రైల్లోనే వెళ్లాలి. నెల కిందట, "ఒకసారి దాన్ని చూడాలని ఉంది" అని అత్తగారు అనడం కోడలు చెవులారా విన్నది. ఇంకేం కావాలి.

"ఏమండీ, మీ అమ్మగారు రోజూ స్టేషనుకు వెళ్తున్నారు" అంది ఇంటికొచ్చి.

భర్త చేతులకున్న గ్రీజు తుడుచుకుంటున్నాడు. "మా అమ్మా? పైమేడకు నాలుగు మెట్లు ఎక్కమంటే లిఫ్టు ఎప్పుడు పెట్టిస్తావని అడిగే మనిషి."

"యంత్రం చెబుతోంది."

"యంత్రాలు చెప్పేవన్నీ నమ్మితే నాకు ఉద్యోగం ఉండేది కాదు."

అతనితో లాభం లేదని కోడలు ఎదురింటి తలుపు తట్టింది. ఎదురింటి పిన్ని పగలంతా కిటికీ దగ్గరే కూర్చుంటుంది. మెట్ల మీద పిల్లి వెళ్లినా ఎవరింటికి వెళ్లిందో, ఎంతసేపు ఉందో చెప్పగలదు. విషయం విని ఆవిడ ఆనందం దాచుకోలేకపోయింది.

"నువ్వు నిశ్చింతగా ఉద్యోగానికి వెళ్లమ్మా. నా కన్నుగప్పి దోమ కూడా బయటికి పోదు."

బుధవారం పిన్ని కాపలా కాసింది. అత్తగారు గడప దాటలేదని చెప్పింది. అంకె మాత్రం స్టేషను దాటిపోయింది. గురువారం కోడలు వెళ్తూ వెళ్తూ తలుపుకూ గుమ్మానికీ మధ్య కాగితం ముక్క అంటించింది. సాయంత్రం ముక్క అంటించినట్టే ఉంది. అంకె మాత్రం ఊరవతల వంతెన దాకా వెళ్లొచ్చింది. శుక్రవారం పిన్నీ కాపలా కాసింది, కాగితమూ చిరగలేదు, దూరం ఇంకో రెండు వీధులు పెరిగింది.

"గాల్లో పోతోందేమో" అంది పిన్ని భయంగా.

ఈ రహస్యాన్ని పిన్ని కడుపులో దాచుకుంది, అంటే ఆ మేడలో ఉన్న ఎనిమిది వాటాలకూ మాత్రమే చెప్పింది. శనివారానికి అత్తగారి హోదా మారిపోయింది. మోకాళ్ల నొప్పులవాళ్లు, బరువు తగ్గాలనుకునేవాళ్లు ఒక్కొక్కరూ వచ్చి ఆవిడ కాలి వంక భక్తిగా చూసి వెళ్లసాగారు.

"అంత దూరం ఎలా నడుస్తారండీ, ఆయాసం రాదూ?" అని అడిగింది కింద వాటావిడ.

"ఓపిక ఉండాలి" అంది అత్తగారు, కుర్చీలో సర్దుకుని కూర్చుంటూ. "తొందరపడకూడదు. ఒకే తీరుగా, ఒకే మనసుతో సాగాలి. కాలు దాని పని అది చేసుకుపోతుంది. మనకు తెలియను కూడా తెలియదు."

తలుపు పక్కన నిలబడి విన్న కోడలు ఆ ఆఖరి మాట పట్టుకుంది. మనకు తెలియను కూడా తెలియదు. అంటే మనిషికి తెలియకుండానే కాళ్లు తీసుకుపోతున్నాయన్నమాట.

ఈ మాట విన్నాక భర్త కూడా కదిలాడు. వాళ్ల ఫోర్‌మన్ మావగారొకాయన మతిమరుపు జబ్బుతో ఇంట్లోనే గోడ వెంబడి గంటల తరబడి గుండ్రంగా తిరిగేవాడట. "బయటికి వెళ్లడం లేదు, తలుపు తీయడం లేదు. అంటే ఇంట్లోనే తిరుగుతోంది. పాపను గుర్తుపెట్టుకుంటోందో లేదో" అన్నాడు నెమ్మదిగా. అన్నాక, అనకపోతే బాగుండేదనుకున్నాడు. కోడలు అప్పటికే ఏడుస్తోంది.

రెండో సోమవారం సాయంత్రం ముగ్గురూ పాపను ఎత్తుకుని డాక్టరు దగ్గర ఉన్నారు. ఆయన ముందు ఇది ఏ నెల, ఏ వారం అని అడిగాడు. అత్తగారు చెప్పడమే కాక, ఆయన గోడ మీద క్యాలెండరు పోయిన నెలలోనే ఆగిపోయిందని కూడా చెప్పింది. మతి బాగానే ఉందని తేలింది. తర్వాత ఆయన యంత్రం చూశాడు. ముందు మొహం వెలిగింది. రక్తపరీక్ష కాగితం చూశాక ఆరిపోయింది.

"ఇంత నడిచి షుగరు చుక్క కూడా తగ్గకపోవడం నా అనుభవంలో లేదు. దీనికి ఒకటే అర్థం. చాటుగా తీపి తింటున్నారు."

"అయ్యో, నేనెక్కడ తిన్నాను డాక్టరుగారూ."

"పైగా ఈ వయసులో ఒక్కసారిగా ఇంత నడక గుండెకు మంచిది కాదు. ఈ వారం నడక బంద్. తీపి బంద్, టీలో చెంచాడు పంచదార కూడా బంద్. కుర్చీలోంచి కదలకండి. కదలకుండా ఉన్నారో లేదో చూడ్డానికి యంత్రం కట్టుకునే ఉండండి."

 ఇంటికొచ్చాక అత్తగారు పంచదార లేని టీ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టింది. "నడవకపోతే తిట్టాడు. నడిస్తే పంచదార పీకేశాడు" అంది. ఏదో చెప్పబోయినట్టు కోడలి వంక చూసింది, ఊయల వంక చూసింది, మళ్లీ ఊరుకుంది.

మంగళవారం నుంచి డాక్టరు చెప్పినట్టే ఆవిడ వాలుకుర్చీ వేయించుకుని రోజంతా అందులోనే ఉంది. మంగళవారం అంకె అంతకుముందు అన్ని రోజులనూ మించిపోయింది. బుధ, గురువారాల్లో మంగళవారాన్ని మించింది.

లాండ్రీలో పని చూస్తామన్న రెండు వారాలకు శుక్రవారం ఆఖరి రోజు. ఉంచుకునేదీ లేనిదీ సాయంత్రం చెబుతామన్నారు. పన్నెండు దాటిందో లేదో ఆఫీసు ఫోనుకు ఎదురింటి పిన్ని ఫోను చేసింది.

"అమ్మాయ్, కిటికీలోంచి ఎంత చూసినా మీ అత్తగారు ఇటూ అటూ తిరగడం లేదు. పాప గొంతు కూడా వినపడటం లేదు. పొద్దుట్నుంచీ ఇల్లంతా నిశ్శబ్దం. నేనేమీ అనడం లేదు, చెబుతున్నానంతే."

కోడలు ఫోను పెట్టేసి మడతల గదిలోకి వచ్చింది. మడతక్క చేతుల్లో రెండు కొసలతో ఎదురుచూస్తోంది.

"అక్కా, నేను ఇంటికి వెళ్లాలి."

"సెలవడిగితే ఉద్యోగం ఉండదు."

"తెలుసు."

"అయితే అడక్కు, వెళ్లు" అంది మడతక్క. "నేను ఈ దుప్పటి పట్టుకుని ఉంటాను. సూపర్‌వైజరు చూస్తే, అవతలి కొస పట్టుకునే మనిషి ఇప్పుడే వస్తుందంటాను. నా మాట అబద్ధం చేయకు."

కోడలు బస్సు కోసం ఆగలేదు. పరుగో నడకో తెలియకుండా ఇల్లు చేరింది. ఆ రోజు ఆ ఇంట్లో నిజంగా నడిచిన మనిషి ఆమె ఒక్కతే, ఆమె కాలికి యంత్రం లేదు. దారిలో భర్తకు ఫోను చేసింది. అతను ఎవరినో లిఫ్టులో సగంలో వదిలేసి, పనిముట్ల సంచితో సహా వచ్చేశాడు. మెట్ల దగ్గర షాపతను కూడా కలిశాడు. తన యంత్రం అబద్ధం చెబుతోందని వీధిలో అనుకుంటున్నారని తెలిసి, పరువు నిలబెట్టుకోవడానికి ఇంకో కొత్త యంత్రం పట్టుకుని వచ్చాడు. పిన్ని అప్పటికే తలుపుకు చెవి ఆనించి ఉంది.

"చప్పుడు చేయకండి" అంది గుసగుసగా. "లోపల ఏదో కిర్రు కిర్రుమంటోంది."

కోడలు తాళంచెవి తిప్పింది. తలుపు మెల్లగా తెరుచుకుంది. ఒకరి భుజం మీంచి ఒకరు, నలుగురూ లోపలికి తొంగిచూశారు.

అత్తగారు వాలుకుర్చీలో ఉంది. ఒళ్లో సగం ఒలిచిన బఠానీల గిన్నె, కళ్లు మూతలు పడి ఉన్నాయి, సన్నగా గురక. ఒంట్లో మిగతా అంతా నిద్రపోతోంది కానీ కుడికాలు ఒక్కటీ డ్యూటీలో ఉంది. ఆ చీలమండకు యంత్రం. యంత్రం పక్కనే ముడేసిన తాడు. తాడు రెండో కొస ఊయలకు. కాలు ముందుకు పోతే ఊయల కిర్రుమని ఇటు వస్తోంది, కాలు వెనక్కి వస్తే కిర్రుమని అటు పోతోంది. మనిషి తీరిగ్గా నడిచే వేగం. ఊయల్లో పాప పెదవి మీద పాలచారతో ఒళ్లెరగకుండా పడుకుని ఉంది. ప్రతి కిర్రుకూ యంత్రం ఒక అడుగు రాసుకుంటోంది, ఒక్కో అడుగూ కాలవ దాటినంత పొడుగున.

"చూశారా మేడం" అన్నాడు షాపతను గుసగుసగా. "యంత్రంలో తప్పేమీ లేదు."

"అయితే స్టేషనుకు వెళ్లలేదా" అంది పిన్ని. ఆవిడ నిరాశ దాచుకోవాలని కూడా అనుకోలేదు.

ఆ మాటకు అత్తగారు కళ్లు తెరిచింది. కాలు ఆగింది. కాలు ఆగిన మరుక్షణం పాప గుక్కపట్టింది. కోడలు రెండంగల్లో వెళ్లి పాపను ఎత్తుకుని గుండెకు హత్తుకుంది.

అత్తగారు గుమ్మం నిండా ఉన్న మనుషులను చూసి కంగారుపడింది. "ఇంతమంది వచ్చారేంటి? ఎవరికేమైంది?"

"అత్తయ్యా" అంది కోడలు. ఏడవాలో నవ్వాలో ఆమెకు తేలలేదు. "పాపను ఊపొద్దన్నాను కదా."

"చేత్తో ఊపొద్దన్నావు."

"చేత్తో అని నేనెప్పుడన్నాను?"

"మాటతో అనలేదు, చెయ్యి ఊపి చూపించావు. ఇలా చేయొద్దన్నావు. నేను ముట్టుకున్నానా? కావాలంటే పాపనడుగు." ఆవిడ కాలి తాడు విప్పుకుంటూ గొంతు తగ్గించింది. "మొదటి రోజు గంటసేపు ఏడ్చిందమ్మాయ్. నీ నర్సు చెప్పినట్టే చూస్తూ కూర్చున్నాను. చూడలేకపోయాను. చెబితే నువ్వు మనసులో పెట్టుకుని పని సరిగ్గా చేయవేమో అని ఊరుకున్నాను. కాలయితే బఠానీలు ఒలుచుకోవచ్చు, కునుకు తీయొచ్చు. నువ్వొచ్చే వేళకు తాడు విప్పేసేదాన్ని."

"ఎక్కడికి వెళ్లారని అన్నిసార్లు అడిగాను కదా. చెప్పొచ్చు కదా."

"ఎక్కడికీ వెళ్లలేదని అన్నిసార్లూ చెప్పాను. నువ్వు కాలిని నమ్మావు, నన్ను నమ్మలేదు."

కోడలు కుర్చీ వంకా ఊయల వంకా చూసింది. మార్కెట్టూ, స్టేషనూ, ఊరవతల వంతెనా, అన్నీ ఈ కుర్చీకీ ఈ ఊయలకూ మధ్యనే ఉన్నాయి. ఆ రెండు వారాల్లో దూరం పెరిగిన కొద్దీ తను వణికిపోయింది. పెరిగిన ప్రతి అడుగూ ఆవిడ పాప పక్కన కూర్చున్న ఇంకో క్షణం. ఆమె వంగి అత్తగారి కాలిని చేత్తో తాకింది. చీలమండ మీద తాడు ఒరుసుకుని ఎర్రగా కమిలి ఉంది.

"ఇది నొప్పి పెట్టలేదూ?"

"పంచదార లేని టీ అంత కాదు" అంది అత్తగారు.

భర్త సంచి దించి, తాడు రాసుకునే చోట చుట్టడానికి మెత్తటి గుడ్డ కోసం వెతకసాగాడు. షాపతను వెళ్లబోతూ, ఈ సంగతి మాత్రం బయట ఎక్కడా చెప్పొద్దని బతిమాలాడు. ఎవరి తరమూ కాదని ఊరంతా చెప్పుకున్న యంత్రాన్ని ఒక నిద్రపోతున్న మనిషి మోసం చేసిందంటే వ్యాపారం ఉండదన్నాడు. పిన్ని ఎవరికీ చెప్పనని మాటిచ్చి ముందుగా కింద వాటాకు దిగింది.

కోడలు పాపను అత్తగారికి అందించి, కళ్లు తుడుచుకుని, మళ్లీ లాండ్రీకి పరుగెత్తింది. మడతక్క దుప్పటి పట్టుకునే ఉంది. రెండు చేతులూ తిమ్మిరెక్కి కొసలు వదలడం కూడా చేతకాకుండా ఉంది. పక్కనే సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు. కోడలు తలొంచుకుని అవతలి కొసలు అందుకుంది. అతను ఆ దుప్పటి మడత పూర్తయ్యేదాకా ఆగాడు.

"ఇక్కడ మధ్యలో వెళ్లిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు" అన్నాడు. "మళ్లీ వచ్చి మడత పూర్తిచేసింది నువ్వొక్కదానివే. సోమవారం ఎనిమిదింటికి రా."

అన్నీ సుఖంగా తేలినట్టే అనిపించింది. డాక్టరుకు నిజం చెప్పక తప్పలేదు. ఆయన చాలాసేపు నవ్వి, చెంచాడు పంచదార తిరిగి ఇచ్చి, ఆ తర్వాత నవ్వకుండా, ఇక మీదట రోజూ సాయంత్రం బయటికి వెళ్లి నిజంగా నడవాలన్నాడు. కోడలు ఇల్లు చేరగానే పాపను చూసుకుంటుంది, అత్తగారు కాలికి యంత్రం కట్టుకుని పార్కుకు వెళ్తుంది అని ఒప్పందం కుదిరింది. నర్సు చెప్పిన ఒక్క మాట మాత్రం అక్షరాలా నిజమై కూర్చుంది. పాప ఇప్పుడు ఊపనిదే కన్ను మూయదు. చేత్తో ఊపితే తాళం కుదరదని ఏడుస్తుంది. కాలితోనే ఊపాలి.

ప్రస్తుతం కోడలు వాలుకుర్చీలో ఉంది. కుడికాలికి గుడ్డ చుట్టిన తాడు, ఒళ్లో బఠానీలు. అత్తగారు పార్కుకు బయలుదేరి చాలాసేపయింది. వెలుతురు తగ్గుతోంది. భర్త ఏదో లిఫ్టులో ఉన్నాడు, ఫోను అందడం లేదు. ఎదురింటి పిన్ని కూడా అత్తగారితోనే వెళ్లింది కాబట్టి కిటికీ ఖాళీగా ఉంది. లేచి చూసి రావాలంటే కాలు ఆగాలి, కాలు ఆగితే పాప లేస్తుంది. మీలో ఎవరైనా ఆ పార్కు వైపు వెళ్తుంటే అత్తగారు ఎలా ఉన్నారో ఒక్కసారి చూసి రండి. నడుస్తూ కనిపిస్తే ఆపకండి. బెంచీ మీద కూర్చుని కనిపిస్తే లేపకండి, కాలు ఊగుతోందో లేదో మాత్రం చూసి చెప్పండి.